స్టాంచన్ బోల్టుల దగ్గర లీకు, ఏ సీలెంట్ వాడాలి?

ప్రశ్న:
చెసపీక్ బేలో పెట్టుకున్న పాత ఫైబర్‌గ్లాస్ సెయిల్‌బోట్ మాది. వాన పడితే చాలు, స్టాంచన్ల (డెక్ అంచున రెయిలింగ్ తాళ్లు పట్టే నిలువు కడ్డీల) బోల్టుల నుంచి క్యాబిన్‌లోకి చుక్కలు. డెక్‌లో ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఉన్నది బాల్సా అనే తేలికపాటి చెక్క. పైన చుట్టూ సిలికాన్ రాసేస్తే సరిపోతుందా?

జవాబు 1:
వద్దండీ. పైపైన రాస్తే లీకు ఆగినట్టే ఉంటుంది గానీ నీళ్లు బాల్సాలోకి దిగి కుళ్లబెడతాయి, పైగా సిలికాన్ తగిలిన చోట తర్వాత ఇంకేదీ సరిగ్గా అతుక్కోదు. స్టాంచన్ విప్పేసి, రంధ్రం పెద్దది చేసి, చిక్కటి ఎపాక్సీ (రెండు పాళ్లు కలిపితే గట్టిపడే జిగురు) నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలోంచి బోల్టు సైజుకి మళ్లీ డ్రిల్ చేయండి. ఇక సీలెంట్ ఎప్పుడైనా పోయినా చెక్కకి తడి తగలదు. అసలు పని ఇదే, సీలెంట్ గొడవ తర్వాత.

జవాబు 2:
కరెక్ట్. సీలెంట్‌గా నా ఓటు బ్యూటైల్ టేపుకే (మెత్తగా, జిగటగా ఉండే సీలింగ్ టేపు). రంధ్రం పై అంచుని కొంచెం కౌంటర్‌సింక్ చేస్తే (గరాటులా ఏటవాలుగా చెక్కితే) టేపు అక్కడ రింగులా కూర్చుంటుంది. బోల్టుని కదలకుండా పట్టుకుని కింద నట్టు మాత్రమే తిప్పండి, అదీ ఒకేసారి కాదు, కాసేపు ఆగి ఆగి, బయటికి పొంగినది కోసేస్తూ. చలిలో టేపు మొండికేస్తుంది, ఎండ ఉన్న రోజు చూసుకోండి. 3ఎం 5200 అనే గట్టిగా అతుక్కునే సీలెంట్ మాత్రం వద్దు బాబూ, మళ్లీ విప్పాలంటే జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి పైపూత) కూడా ఊడొచ్చే ప్రమాదం ఉంది. కింద చిన్న వాషర్ల బదులు బ్యాకింగ్ ప్లేట్ (బరువుని పంచే వెడల్పాటి పలక) వేయండి.

ప్రశ్న అడిగినవారు:
విప్పాక బాల్సా తడిగా కనిపిస్తే?

జవాబు 1:
కాస్త తడైతే బాగా ఆరబెట్టాకే ఎపాక్సీ. గుచ్చితే ముద్దలా వస్తుంటే మెత్తబడినంత మేరా తీసేయాల్సిందే. చుట్టుపక్కల డెక్ మీద చిన్న సుత్తితో తట్టి చూడండి, డొల్లగా మోగిన చోటల్లా అనుమానించాలి.