రేడియేషన్ మూడో వారం: నోరంతా పూసింది, ముద్ద దిగడం లేదు

ప్రశ్న

నాలుక క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు నడుస్తున్నాయి. ఇప్పుడు మజ్జిగ కూడా మండుతోంది. ఉప్పు, వంటసోడా నీళ్లతో పుక్కిలించమన్నారు గానీ కొలత చెప్పలేదు. బ్రష్ మానేయొచ్చా? అన్నం ఎలా దిగుతుంది?

ఆంకాలజీ నర్సు

కాచి చల్లార్చిన లీటరు నీళ్లకి టీస్పూను ఉప్పు, టీస్పూను వంటసోడా. మండితే ఉప్పు సగానికి తగ్గించండి. బేకింగ్ పౌడర్ వేరు, అందులో ఆమ్లం కలిసి ఉంటుంది, అది వాడొద్దు. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, తిన్నాక మరోసారి, అర నిమిషం నోట్లో తిప్పి ఉమ్మేయండి. రోజూ కొత్తగా కలుపుకోవాలి.

బ్రష్ మాత్రం మానొద్దండి. పాచి పేరుకుంటే పుండు మీద ఇన్ఫెక్షన్ చేరుతుంది. బాగా మెత్తటి బ్రష్‌ని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ఘాటు లేని ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు.

నొప్పికి డాక్టర్ లిగ్నోకెయిన్ విస్కస్ (నోటిని మొద్దుబార్చే చిక్కటి మందు) రాసిస్తే, తినడానికి పది పదిహేను నిమిషాల ముందు నోట్లో తిప్పి ఉమ్మేయండి. గొంతు మొద్దుబారితే పొలమారుతుంది కాబట్టి నిటారుగా కూర్చుని చిన్న చిన్న గుక్కలు తీసుకోండి. వేడి పదార్థం కాలినా తెలియదు, చల్లార్చాకే తినండి. నొప్పి ఆగకపోతే ఓర్చుకోకండి, ఇంకా గట్టి మందులున్నాయి, అడగండి.

డైటీషియన్

మజ్జిగ మండేది పులుపు వల్ల. పులియని కమ్మటి పెరుగు పట్టొచ్చు. అన్నం మెత్తగా వండి, పెసరపప్పు, నెయ్యి వేసి మిక్సీ పట్టండి. నీళ్లలో కాచిన రాగిజావతో కడుపు నిండుతుంది గానీ బలం చాలదు. పాలతో కాచి, రెండు చెంచాల పాలపొడి కలపండి. బాగా ఉడికిన గుడ్డు నలిపి పాలలో కలపొచ్చు. చింతపండు, మిరపకాయ, టమాటా ఇప్పుడు వద్దు. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పడుతుంది, నీళ్లు ఎన్ని తాగాలో డాక్టర్నడిగి ఆ లెక్క తప్పకండి. బరువు వారం వారం తగ్గుతుంటే ముక్కులోంచి తిండి పంపే గొట్టం పెడతామంటారు. భయపడకండి, అది తాత్కాలికమే. తిండి లేక నీరసించి రేడియేషన్ మధ్యలో ఆగితే వైద్యం ఫలితమే దెబ్బతింటుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండి. రేడియేషన్ అయిపోగానే తగ్గుతుందా? ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి?

ఆంకాలజీ నర్సు

వెంటనే తగ్గదు. చివరి సిట్టింగ్ తర్వాత కూడా వారం పది రోజులు అలాగే ఉండొచ్చు, మానడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు. జ్వరం 100.4 దాటితే రాత్రైనా సరే వెళ్లాలి. పారాసిటమాల్ వేసుకోకముందే థర్మామీటర్ పెట్టండి, వేసుకున్నాక చూస్తే జ్వరం కనపడదు. నీళ్లు కూడా దిగకపోయినా, ఒంటేలు బాగా తగ్గినా, నోట్లో రక్తం ఆగకపోయినా అంతే. నాలుక మీద పెరుగు తరకల్లా తెల్లటి పొర కనపడితే ఫంగస్ కావొచ్చు, దానికి వేరే మందుంది, మర్నాడు రేడియేషన్‌కి వెళ్లినప్పుడు చూపించండి.