గంటన్నరలోపు ముగిసే పాత కౌబాయ్, సాహస చిత్రాలు: నాన్నగారి కోసం ఏవి ఎంచుకోవాలి?

కృష్ణాతీరం:
మా నాన్నగారికి 74 ఏళ్లు. 1971లో కృష్ణగారి ‘మోసగాళ్లకు మోసగాడు’ చూసిన నాటి నుంచి ఆయనకు గుర్రాలు, తుపాకులు, ఎడారి దారులు ఉన్న చిత్రాలంటే ప్రాణం. నెలన్నర క్రితం నడుముకు శస్త్రచికిత్స జరిగింది. గంటన్నరకు మించి ఒకే చోట కూర్చోవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. పోయిన వారం ఆయన కోరిక మీద ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ’ పెట్టాను. దాని నిడివి రెండున్నర గంటలు దాటుతుంది కాబట్టి మధ్యలో రెండుసార్లు ఆపి ఆయన్ను పడుకోబెట్టవలసి వచ్చింది. మర్నాడు మిగిలింది చూద్దామంటే, కథ మీద మనసు నిలవడం లేదని ఆయనే వద్దన్నారు. ఒకే కూర్చోవడంలో పూర్తయ్యే పాత చిత్రాలు, చూసినవారు చెప్పగలరా? వినికిడి కొంత తగ్గింది, సబ్‌టైటిల్స్ చదువుకుంటారు. అందువల్ల మాటలు మరీ ఎక్కువగా లేనివైతే మేలు.

పాత రీలు:
అమ్మా, మీరు ‘హై నూన్’తో మొదలుపెట్టండి. 1952లో ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన నలుపు తెలుపు చిత్రం, నిడివి 85 నిమిషాలు. ఆదివారం ఉదయం పెళ్లి చేసుకుని ఉద్యోగం వదిలి వెళ్లిపోతున్న మార్షల్‌కు (ఊరి శాంతిభద్రతలు చూసే అధికారి), తాను ఒకప్పుడు జైలుకు పంపిన హంతకుడు మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకు దిగుతున్నాడని తెలుస్తుంది. ఆ హంతకుడి ముగ్గురు అనుచరులు అప్పటికే స్టేషన్లో కాచుకుని ఉంటారు. ఆ ఉదయం నుంచి రైలు వచ్చేదాకా గడిచే కాలమూ, మనం తెర ముందు గడిపే కాలమూ దాదాపు ఒక్కటే. గోడ గడియారాలు మళ్లీ మళ్లీ కనబడుతూ ఉంటాయి కనుక, ఎంతసేపు మిగిలిందో మార్షల్‌తో పాటు మనకూ తెలుస్తూనే ఉంటుంది. సాయం కోసం అతను మద్యం దుకాణానికి వెళ్తాడు, చర్చికి వెళ్తాడు, పాత స్నేహితుల తలుపులు తడతాడు. ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం చెబుతారు. ఆ కారణాలన్నీ మన వీధిలో మనం విన్నవే అనిపిస్తాయి, అదే ఈ చిత్రంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిన సంగతి. మార్షల్ వేషం వేసిన గ్యారీ కూపర్‌కు ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. కూర్పుకు, నేపథ్య సంగీతానికి, పాటకు కూడా ఆస్కార్లు వచ్చాయి.

ఈ చిత్రం నచ్చక దర్శకుడు హోవర్డ్ హాక్స్ దానికి జవాబుగా ‘రియో బ్రావో’ తీశాడు. అదీ గొప్ప చిత్రమే, కానీ 141 నిమిషాలు. నాన్నగారు పూర్తిగా కోలుకున్నాక చూపించండి.

సియెర్రా నీడ:
నేను కాలిఫోర్నియాలో ఉంటాను. లోన్ పైన్ అనే చిన్న ఊరి పక్కన అలబామా హిల్స్ అని గుండ్రటి బండరాళ్ల గుట్టలున్నాయి, వెనక మౌంట్ విట్నీ మంచు శిఖరం కనబడుతుంది. బడ్ బోటికర్ దర్శకత్వంలో రాండాల్ఫ్ స్కాట్ నటించిన చిత్రాలు చాలావరకు అక్కడే తీశారు. మీ అవసరానికి వీటికి మించినవి లేవని నా నమ్మకం. ‘సెవెన్ మెన్ ఫ్రమ్ నౌ’ (1956) 78 నిమిషాలు, ‘ద టాల్ టీ’ (1957) 78 నిమిషాలు, ‘రైడ్ లోన్‌సమ్’ (1959) 73 నిమిషాలు, ‘కమాంచీ స్టేషన్’ (1960) 74 నిమిషాలు. నాలుగింటికీ రచయిత బర్ట్ కెనెడీయే.

వీటిలో కథ చెప్పుకోవడానికి రెండు వాక్యాలు చాలు: ఒక మౌని (‘ద టాల్ టీ’లో తప్ప భార్యను పోగొట్టుకున్నవాడే), అతనితో పాటు ప్రయాణం చేయక తప్పని నలుగురైదుగురు, దారిలో మొదలయ్యే అనుమానం. మాటలు తక్కువగా ఉంటాయి, ఉన్న ప్రతి మాటకూ పని ఉంటుంది. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ప్రతినాయకుల చిత్రణ. వాళ్లకూ ఇల్లు కట్టుకోవాలని, నాలుగు పశువులు మేపుకోవాలని కోరిక ఉంటుంది. నాయకుడు వాళ్లను ఇష్టపడతాడు కూడా. చివరికి తుపాకీ తీయక తప్పనప్పుడు మనకు గెలుపు కంటే దిగులే మిగులుతుంది. డెబ్బై మూడు నిమిషాల్లో అంత బరువు ఎలా తెచ్చారా అని నేను ‘రైడ్ లోన్‌సమ్’ మూడుసార్లు చూశాను. నాకు దొరికిన జవాబు ఒక్కటే: గతాన్ని ఎక్కడా చూపించరు, ఒక చెట్టు ముందు నిలబెట్టి నాలుగు మాటల్లో చెప్పించేస్తారు.

మీ నాన్నగారికి ఒక సంగతి చెప్పండి. మీరు మధ్యలో ఆపేసిన చిత్రంలో ‘బ్యాడ్’గా కనబడిన లీ వాన్ క్లీఫ్ ‘రైడ్ లోన్‌సమ్’లోనూ ఉన్నాడు. ‘హై నూన్’ అయితే అతని మొదటి చిత్రం, అందులో ఒక్క మాట కూడా మాట్లాడడు.

చీకటి హాలు:
‘ది ఆక్స్-బో ఇన్సిడెంట్’ (1943) పేరు ఇంకా ఎవరూ చెప్పలేదు. విలియం వెల్మన్ దర్శకుడు, హెన్రీ ఫోండా నటించాడు, నిడివి 75 నిమిషాలు. పశువుల దొంగలని అనుమానించి ముగ్గురు బాటసారులను ఊరివాళ్లు రాత్రివేళ పట్టుకుంటారు, విచారణ లేకుండా ఉరి తీయాలా వద్దా అన్నదే కథంతా. ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్‌కు పోటీపడింది. పరుగులు, పోరాటాలు ఆశించి చూస్తే నిరాశ కలుగుతుంది కానీ, గుంపు మనసు ఎలా పనిచేస్తుందో ఇంత తక్కువ సమయంలో ఇంత స్పష్టంగా చూపిన కౌబాయ్ చిత్రం నేను మరొకటి చూడలేదు.

పాత రీలు:
చీకటి హాలు గారూ, చిత్రం గురించి మీరు చెప్పినదానితో నాకు భేదం లేదు. కానీ శస్త్రచికిత్స నుంచి కోలుకుంటున్న పెద్దాయనకు రాత్రిపూట అది చూపించవద్దని నా మనవి. నేను మా అన్నయ్య ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వారంలో పెట్టాను. ఆయన ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. పైగా అది మాటల మీద నడిచే చిత్రం, సబ్‌టైటిల్స్ చదివేవారికి శ్రమ ఎక్కువ. దాని బదులు ‘బ్యాడ్ డే ఎట్ బ్లాక్ రాక్’ (1955) చూడవచ్చు. 81 నిమిషాలే, అందులోనూ ఒక ఊరంతా దాచిన నేరమే కథ. నాలుగేళ్లుగా రైలు ఆగని ఎడారి ఊళ్లో ఒక చేయి లేని స్పెన్సర్ ట్రేసీ దిగుతాడు, అతను ఎందుకు వచ్చాడో ఎవరికీ తెలియదు. కాలం రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులే అయినా, నడకంతా కౌబాయ్ చిత్రానిదే.

చీకటి హాలు:
మీ మాట సమంజసమే. ఎప్పుడు చూడాలన్న సంగతి నేను ఆలోచించలేదు, పగటిపూటకు ఉంచుకోమని సవరించుకుంటున్నాను.

కావేరీ మెట్లు:
సాహస చిత్రాల గురించి కూడా అడిగారు కాబట్టి రెండు చెబుతాను. మొదటిది ‘ద మోస్ట్ డేంజరస్ గేమ్’ (1932), 63 నిమిషాలు. ఓడ మునిగి ఒక దీవికి చేరిన వేటగాడిని, ఆ దీవి యజమాని మృగాన్ని వేటాడినట్టు వేటాడతాడు. తర్వాతి ఏడాది వచ్చిన ‘కింగ్ కాంగ్’ కోసం వేసిన అడవి సెట్లనే దీనికీ వాడుకున్నారు, నటి ఫే రే రెండింటిలోనూ ఉంది. మొదటి అరగంట మామూలుగా ఉంటుంది, వేట మొదలయ్యాక మాత్రం కన్ను తిప్పనివ్వదు.

రెండవది ‘ఎలిఫెంట్ బాయ్’ (1937), 80 నిమిషాలు. మైసూరు రాజుగారి ఏనుగుశాలలో పనిచేసిన మావటి కొడుకు సాబూ ఇందులో నాయకుడు, ఏనుగుల దృశ్యాలు మైసూరు అడవుల్లోనే తీశారు. స్టూడియోలో తీసిన భాగాల్లో పెద్దల నటన కృతకంగా ఉంటుంది. ఏనుగు పక్కన ఆ పిల్లవాడు నిలబడ్డ ప్రతిసారీ ఆ లోపం మరచిపోతాము. తర్వాత మూడేళ్లకు అతను నటించిన ‘ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ ఇంకా అందమైనది, కానీ 106 నిమిషాలు.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. ‘స్టేజ్‌కోచ్’ (1939) చూపించాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. నిడివి 96 నిమిషాలు అని ఉంది. మధ్యలో ఒకసారి ఆపితే చెడిపోతుందా? మరొక సందేహం: ఒకే చిత్రానికి రెండు చోట్ల రెండు నిడివులు రాసి ఉన్నాయి, ఏది నమ్మాలి?

పాత రీలు:
నిడివి తేడాకు చాలాసార్లు సాంకేతిక కారణమే ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన చిత్రాన్ని ఐరోపా టీవీ పద్ధతిలో 25 ఫ్రేములతో నడిపిస్తారు, దానితో 85 నిమిషాల చిత్రం 82 నిమిషాలలోపే ముగుస్తుంది. కోత ఏమీ ఉండదు, నడక కాస్త వేగం అవుతుంది, అంతే.

మన చిత్రాలకు విశ్రాంతి ఉంటుంది కనుక కథ కూడా దానికి తగ్గట్టు మలుపు తిరుగుతుంది. వీటికి ఆ ఏర్పాటు లేదు, ఎక్కడ ఆపినా తెగినట్టే ఉంటుంది. ‘స్టేజ్‌కోచ్’ మాత్రం కొంత మినహాయింపు, ఎందుకంటే అది మజిలీ మజిలీగా సాగే బండి ప్రయాణం. అపాచీ వెల్స్ మజిలీ నుంచి బండి బయలుదేరే చోట ఆపండి, ఆ తర్వాత వచ్చే గుర్రాల తరుము మాత్రం ఆపకుండా చూడవలసినది.

సియెర్రా నీడ:
ఒక మాట కలపాలి. ‘స్టేజ్‌కోచ్’లో అపాచీలు అనే అమెరికా మూలవాసి తెగవారు మనుషులుగా కాక, కొండ మీద నుంచి వచ్చిపడే ఆపదగా మాత్రమే కనబడతారు. వాళ్ల నేల ఎలా పోయిందో, వాళ్లు ఎందుకు తిరగబడ్డారో చిత్రం అడగదు. నేను చెప్పిన ‘కమాంచీ స్టేషన్’కూ ఈ లోపం ఉంది. గుర్రాల విన్యాసం, ‘స్టేజ్‌కోచ్’ దర్శకుడు జాన్ ఫోర్డ్ చూపు నాకు ఎంత ఇష్టమైనా, మా పిల్లలతో చూసినప్పుడు ఈ సంగతి ముందుగానే చెప్పి చూశాను.

కృష్ణాతీరం:
నిన్న సాయంత్రం ‘హై నూన్’ చూశాము. ఆరింటికి మొదలుపెడితే ఏడున్నరకల్లా అయిపోయింది, నాన్నగారు ఒక్కసారి మాత్రమే దిండు సర్దమన్నారు. మొట్టమొదటి దృశ్యంలోనే, బండ దగ్గర కూర్చుని ఎదురుచూస్తున్న మనిషిని చూసి, నేను నోరు తెరవకముందే “వీడు మొన్నటివాడు కదమ్మా, ఎంత చిన్నగా ఉన్నాడు” అన్నారు. చర్చి దృశ్యం అయ్యాక ఒకసారి ఆపించి, ఆ మాటలు మళ్లీ చదువుకున్నారు. పడుకునే ముందు ‘రైడ్ లోన్‌సమ్’ నిడివి ఎంతని అడిగారు. డెబ్బై మూడు నిమిషాలు అన్నాను. అయితే శనివారం ఆరున్నరకు పెట్టినా భోజనాల వేళకు అయిపోతుందని ఆయనే లెక్క కట్టారు.