రక్తం ఎక్కిస్తుంటే పాపకు చలి వణుకు వచ్చింది, బ్యాగ్‌ను వేడినీళ్లలో పెట్టారు. ఇది మామూలేనా?

మిర్యాలగూడ_మేనమామ:

అందరికీ నమస్తే. మా అక్క కూతురికి ఏడాదిన్నర. ఆరో నెలలో ఒళ్లంతా తెల్లగా పాలిపోయి, పాలు సరిగా తాగక, పొట్ట ఉబ్బి ఉంటే రక్తం తక్కువుందని ఐరన్ సిరప్ రాశారు. ఎన్ని రోజులు వేసినా తగ్గకపోతే హైదరాబాద్ తీసుకెళ్లాం, అక్కడ హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేసి తలసీమియా మేజర్ అన్నారు, అంటే ఒంట్లో మంచి రక్తం సరిపడా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు అట. అప్పటి నుంచి మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. అక్కది మేనరికం, మా అత్త కొడుకునే చేసుకుంది.

ప్రతిసారీ హైదరాబాద్ పోలేక మొన్న ఇక్కడే ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్పించాం. హిమోగ్లోబిన్ ఆరున్నరకు పడిపోయి ఉంది. రక్తం మీరే తెచ్చుకోండి అంటే బావ బైక్ మీద నల్లగొండ వెళ్లి తెచ్చాడు. మధ్యాహ్నం రెండు గంటల ఎండ, బ్యాగ్ మామూలు ప్లాస్టిక్ కవర్లో, హ్యాండిల్‌కు తగిలించుకొని వచ్చాడు. తీరా వచ్చాక డ్యూటీ డాక్టర్ లేడని బ్యాగ్ గంటసేపు టేబుల్ మీదే ఉంది. తర్వాత సిస్టర్ వచ్చి స్టీల్ గిన్నెలో వేడినీళ్లు పోసి అందులో ముంచింది. అదేంటమ్మా అంటే చిన్నపిల్లలకు చల్లటి రక్తం పడదు, ఎవరికైనా ఇట్లనే చేస్తాం అంది.

ఎక్కించడం మొదలైన అరగంటకు పాప గజగజ వణికింది, ఒళ్లు కాలిపోయింది. ఏదో ఇంజెక్షన్ చేసి, కాసేపు ఆపి, మళ్లీ అదే బ్యాగ్ పెట్టారు. సగం పోయాక పాపకు ఇది చాలు, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి రేపు ఎక్కిద్దాం అన్నారు. నాకు ఎందుకో మనసొప్పక వద్దన్నాను. ఎవరో పుణ్యాత్ముడు ఇచ్చిన రక్తం పారబోయిస్తావా అని అక్క నా మీద కోప్పడింది, ఇప్పటికీ సరిగా మాట్లాడటం లేదు.

నేను చేసింది తప్పా? ఇంకొకటి కూడా అడగాలి. నాదీ పాపదీ ఒకటే గ్రూపు, ఓ పాజిటివ్. నేనే ఇస్తానంటే హైదరాబాద్ డాక్టర్ సొంతవాళ్ల రక్తం వద్దన్నారు. సొంత మేనమామ రక్తం పనికిరాదా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

నల్లగొండ_టెక్నీషియన్:

నేను బ్లడ్ బ్యాంకులో పనిచేస్తాను. ముందు పాప సంగతి చెప్పండి. మూత్రం ఏ రంగులో వస్తోంది? ఎర్రగా గానీ డికాక్షన్ రంగులో గానీ ఉన్నా, కళ్లు పచ్చబడినా, మళ్లీ ఉన్నట్టుండి పాలిపోయినా ఇది చదువుతూ కూర్చోకుండా పెద్ద దవాఖానకు తీసుకెళ్లండి. ఎక్కించిన రోజు బాగానే ఉండి వారం పది రోజులకు కూడా అలా కావచ్చు కాబట్టి రెండు వారాలు ఒక కన్నేసి ఉంచండి.

మిగిలిన రక్తం వద్దని మీరు చాలా మంచి పని చేశారు తమ్ముడూ. అక్కకు ఇది చదివి వినిపించండి. బ్యాగ్‌కు ఒకసారి సూది గుచ్చి సెట్ (రక్తం ఎక్కించే గొట్టం) పెట్టామంటే అది తెరిచినట్టే లెక్క, గాలిలోని, చేతుల మీది క్రిములు లోపలికి పోయే దారి పడుతుంది. మొదలుపెట్టిన నాలుగు గంటల్లో ఎంత ఎక్కితే అంత, మిగిలింది పసుపు రంగు చెత్త సంచిలోకి పోవాల్సిందే. ఇంట్లో వాడే లాంటి ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా వేడెక్కుతుంది, ఫ్రీజర్ పక్కన పెడితే కణాలు గడ్డకట్టి పగిలిపోతాయి. ఎర్రకణాలను మేం 2 నుంచి 6 డిగ్రీల మధ్య, అలారం ఉన్న ప్రత్యేకమైన ఫ్రిజ్‌లో పెడతాం. అలా ఉంచితేనే బ్యాగ్‌లో కలిపిన ద్రావణాన్ని బట్టి 35 రోజులో 42 రోజులో నిలవ ఉంటాయి. బయటికి తీశాక అరగంటలో ఎక్కించడం మొదలుపెట్టాలి, లేదంటే వెనక్కి పంపాలి. మీ బ్యాగ్ బైక్ మీద గంటకు పైగా, టేబుల్ మీద గంట ఉంది. అసలు దాన్ని వాడకుండా ఉండాల్సింది.

ఇక వేడినీళ్ల సంగతి. ఇది చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. మామూలు వేగంతో, నిమిషానికి కొన్ని చుక్కల లెక్కన పిల్లలకు ఎక్కించే రక్తాన్ని వేడి చేయాల్సిన పనే లేదు. నాళంలో మెల్లగా పోయేటప్పుడే దాని చల్లదనం పోతుంది. యాక్సిడెంట్ కేసుల్లో, కాన్పులో విపరీతంగా రక్తం పోయినప్పుడు బ్యాగ్ మీద బ్యాగ్ గబగబా ఎక్కించాల్సి వస్తే దానికి వేరే మెషిన్ ఉంటుంది, దాని మీద టెంపరేచర్ కనిపిస్తుంది. గిన్నెలో నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఎవరు చూశారు? 42 డిగ్రీలు దాటితే ఎర్రకణాలు పగలడం మొదలవుతుంది, పగిలిన కణాల్లోని పొటాషియం, హిమోగ్లోబిన్ నేరుగా పాప ఒంట్లోకి పోతాయి. కొందరు ఎండలో పెడతారు, కొందరు చంకలో పెట్టుకుంటారు, ఇంకొందరు ఫ్యాన్ కింద గంటలు గంటలు పెడతారు. అన్నీ ఒకటే తప్పు.

చలి జ్వరం చాలాసార్లు దాత రక్తంలోని తెల్లకణాల వల్ల వస్తుంది, అది ప్రమాదం కాదు, తగ్గిపోతుంది. కానీ గ్రూపు తేడా పడినా, బ్యాగ్‌లో క్రిములు పెరిగినా మొదట వచ్చేది అదే చలి, అదే జ్వరం. చూసి చెప్పలేం. అందుకే వణుకు రాగానే రక్తం ఆపేసి, సూది మాత్రం తీయకుండా కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి, బ్యాగ్ మీది పేరు, గ్రూపు, నంబర్ మళ్లీ సరిచూసి, ఆ బ్యాగ్‌ను, పాప దగ్గర కొత్తగా తీసిన శాంపిల్‌ను బ్లడ్ బ్యాంకుకు పంపాలి. కారణం తేలకుండా అదే బ్యాగ్ మళ్లీ పెట్టడం సరికాదు. మొదటి పదిహేను నిమిషాలు మాత్రం మంచం దగ్గర నుంచి ఎవరూ కదలకండి, పెద్ద రియాక్షన్లు ఎక్కువగా అప్పుడే బయటపడతాయి.

మీ గ్రూపు సంగతి. మీ రక్తం పనికిరాక కాదు. దగ్గరి బంధువుల తెల్లకణాలు పాప కణాలకు చాలా దగ్గరగా ఉంటాయి, మేనరికమైతే మరీను. పాప ఒళ్లు వాటిని పరాయివిగా గుర్తుపట్టి చంపదు, అవి మాత్రం పాప చర్మాన్ని, కాలేయాన్ని, మూలుగను పరాయివనుకొని దాడి చేస్తాయి. చాలా అరుదు, కానీ వచ్చిందంటే బతకడం దాదాపు అసాధ్యం. ఆ తెల్లకణాలు పెరగకుండా రేడియేషన్ ఇచ్చిన బ్యాగ్ అయితే ఆ భయం ఉండదు, ఆ సౌకర్యం మన జిల్లాల్లో ఎక్కడుంది? తెల్లకణాలను వడకట్టే ఫిల్టర్ ఒక్కటే దీనికి చాలదు. పైగా రేపు మూలుగ మార్పిడి చేయాల్సి వస్తే మీలో ఎవరిదైనా సరిపోవచ్చు, ఇప్పటి నుంచే మీ రక్తం ఎక్కిస్తే పాప ఒళ్లు దానికి ఎదురు తిరగడం నేర్చుకుంటుంది. మీరు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి, మూడు నెలలకోసారి. అది వేరేవాళ్లకు పోతుంది, పాపకు వేరేవాళ్లది వస్తుంది.

పాలమూరు_అమ్మ:

తమ్ముడూ, మా బాబుకూ ఇదే. ఇప్పుడు ఏడో తరగతి, క్రికెట్ అంటే ప్రాణం. ధైర్యంగా ఉండండి, సరిగా చూసుకుంటే ఈ పిల్లలు చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు.

హిమోగ్లోబిన్ ఆరున్నర దాకా రానివ్వకండి. ఎక్కించే ముందు తొమ్మిదిన్నర పది దగ్గర ఉండేలా డేట్ వేసుకోవాలి. మరీ కిందికి పోనిస్తే మూలుగ ఉబ్బి ముఖం ఎముకలు మారతాయి, ప్లీహం పెరుగుతుంది. పాప బరువు ఎంత? తొమ్మిది కిలోలనుకుంటే ఒక్కసారికి నూరు నుంచి నూట ముప్ఫై ఎంఎల్ చాలు, మొత్తం బ్యాగ్ అక్కర్లేదు. చిన్న బ్యాగ్‌లుగా విడదీసి ఇచ్చే బ్లడ్ బ్యాంకులు ఉన్నాయి, ముందే పీడియాట్రిక్ బ్యాగ్ కావాలని అడగండి. అప్పుడు సగం మిగలడం, అక్క బాధపడటం రెండూ ఉండవు.

తెల్లకణాలు తీసేసిన రక్తం ఇవ్వమనండి, లేదా ఫిల్టర్ కొని పెట్టించండి. మా బాబుకు ఫిల్టర్ వాడటం మొదలుపెట్టాక చలి జ్వరం దాదాపు పోయింది. ఇంకా ఐరన్ సిరప్ ఇంట్లో ఉంటే వెంటనే పక్కన పెట్టేయండి. ఒక్కో బ్యాగ్‌లో 200 మిల్లీగ్రాముల పైనే ఐరన్ ఉంటుంది, అది బయటికి పోయే దారి ఒంట్లో లేదు, గుండెలో కాలేయంలో పేరుకుంటుంది. ఒంట్లో ఐరన్ ఎంత నిలవ ఉందో చూపే ఫెర్రిటిన్ టెస్ట్ వెయ్యి దాటే సమయానికి దాన్ని బయటికి పంపే మందు మొదలుపెడతారు. డెఫెరాసిరాక్స్ అని నీళ్లలో కలిపి తాగించే మాత్ర, ఎప్పుడో డాక్టరే చెప్తారు. హెపటైటిస్ బి టీకాలు పూర్తయ్యాయా చూడండి.

డబ్బుల విషయం. తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియా ఉన్నవాళ్లకు గవర్నమెంట్ బ్లడ్ బ్యాంకులో చార్జీ లేకుండా, బదులు దాతను తెమ్మనకుండా రక్తం ఇవ్వాలి, నేషనల్ బ్లడ్ ట్రాన్స్‌ఫ్యూజన్ కౌన్సిల్ నిబంధన అది. చాలా చోట్ల కౌంటర్లో ఉన్నవాళ్లకే తెలియదు, నేను ఆ కాగితం ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకుంటాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఈ మూడు జబ్బులున్నాయి. హైదరాబాద్‌లో శివరాంపల్లి దగ్గర తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది, 1998 నుంచి నడుస్తోంది, ఒక్కసారి పాప ఫైల్ తీసుకెళ్లి చూపించండి. అక్కడ వరసగా మంచాల మీద పిల్లలు ఫోన్లో బొమ్మలు చూసుకుంటూ రక్తం ఎక్కించుకుంటుంటారు. మీ అక్క ఆ తల్లులతో మాట్లాడితే సగం భయం పోతుంది.

మిర్యాలగూడ_మేనమామ:

అక్కా, అన్నా, మీ ఇద్దరికీ ఎంత చెప్పినా తక్కువే. పాప మూత్రం మామూలుగానే ఉంది, ఆడుకుంటోంది. టెక్నీషియన్ అన్న రాసింది అక్కకు చదివి వినిపించాను, ఏమీ అనలేదు గానీ మళ్లీ మాట్లాడుతోంది. మొదట రాయడానికి మొహమాటపడ్డాను, అక్కకు ఇప్పుడు మళ్లీ రెండో నెల. ఒకరికి వచ్చింది కదా ఇక రెండోవాళ్లకు రాదులే అని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు.

పాలమూరు_అమ్మ:

ఆ మాట నమ్మకండి తమ్ముడూ. తల్లీతండ్రీ ఇద్దరూ క్యారియర్లు (జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రం ఉన్నవాళ్లు) అయితే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, మొదటి బిడ్డకు వచ్చిందని రెండో బిడ్డకు తగ్గదు. పదకొండో వారం నుంచి పద్నాలుగో వారం లోపల మాయ నుంచి చిన్న ముక్క తీసి సీవీఎస్ టెస్ట్ చేస్తారు, బిడ్డకు ఉందో లేదో తెలుస్తుంది. కానీ దానికి ముందు అక్కా బావల రక్తంలో జన్యువులో తేడా ఎక్కడుందో తేలాలి, ఆ రిపోర్టుకే సమయం పడుతుంది. చాలామంది మూడో నెల నిండాక వెళ్లి ఇక్కడే ఆలస్యం అయిపోతారు. ఈ వారమే పాప హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు పట్టుకొని ఇద్దరూ హైదరాబాద్ వెళ్లాలి. మీరు కూడా పెళ్లికి ముందు రక్తంలో హెచ్‌బీఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చూపించుకోండి, మూడున్నర శాతం దాటితే క్యారియర్ అన్నమాట. మీకు ఏమీ కాదు, చేసుకోబోయే అమ్మాయికి కూడా ఉందా లేదా చూసుకోవాలి అంతే. మీ ఇంట్లో మేనరికాలు ఉన్నాయి కాబట్టి చెప్తున్నా.

సూర్యాపేట_డోనర్:

నేను రక్తం ఇచ్చేవాడిగా రెండు మాటలు. ఏప్రిల్, మే వచ్చిందంటే కాలేజీలకు సెలవులు, క్యాంపులు ఉండవు, ఈ పిల్లలకే మొదట ఇబ్బంది. అర్జెంట్ అని అప్పటికప్పుడు ఫోన్ చేస్తే ఎవరు దొరికితే వాళ్లను తెస్తారు. అలా మొహమాటానికి వచ్చినవాళ్లు ఫారంలో నిజం రాయరు. ఈ మధ్య పచ్చకామెర్లు వచ్చాయా, టాటూ వేయించుకున్నారా అంటే లేదు లేదు అంటారు. ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా టెస్టులు చేస్తారు, నిజమే. కానీ వైరస్ ఒంట్లోకి వచ్చిన కొత్తలో కొన్నాళ్లు టెస్టుకు దొరకదు, వైరస్ జన్యువునే నేరుగా వెతికే న్యాట్ టెస్ట్ చేస్తే ఆ రోజులు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. అక్కడ మిగిలేది దాత చెప్పే నిజమే. డబ్బులిచ్చి మాత్రం ఎవరినీ తేకండి, సుప్రీంకోర్టు చెప్పాక 1998 జనవరి నుంచి అది నిషేధం.

మీ ఊళ్లో ఓ పాజిటివ్ వాళ్లు బోలెడుమంది ఉంటారు. మీ ఫ్రెండ్స్‌తో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, ఒక్కొక్కరికి మూడు నెలలకో తేదీ రాసుకోండి. పద్దెనిమిది నిండి, నలభై ఐదు కిలోల బరువు, పన్నెండున్నర హిమోగ్లోబిన్ ఉంటే చాలు. పాప డేట్‌కు మూడు నాలుగు రోజుల ముందే ఇచ్చి వస్తే టెస్టులన్నీ తీరిగ్గా అయిపోతాయి.

నల్లగొండ_టెక్నీషియన్:

సూర్యాపేట అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఒకటి మర్చిపోయాను, బ్యాగ్ తీసుకురావడం. వీలైతే బ్లడ్ బ్యాంక్ ఉన్న దవాఖానలోనే ఎక్కించండి, నల్లగొండ ప్రభుత్వ దవాఖానలో ముందు అడిగి చూడండి. తప్పక బయటికి తేవాల్సి వస్తే టీకాలు తెచ్చే లాంటి కోల్డ్ బాక్స్ తీసుకెళ్లండి, ఐస్ ప్యాక్‌లకూ బ్యాగ్‌కూ మధ్య ఒక అట్ట గానీ మందపాటి గుడ్డ గానీ ఉండాలి, ఐస్‌కు తగిలితే కణాలు చస్తాయి. డాక్టర్ ఉన్నాడని, పాపకు సూది పెట్టేశారని ఫోన్లో తెలిశాకే కౌంటర్లో బ్యాగ్ తీసుకోండి. తీసుకునేటప్పుడు పాప పేరు, గ్రూపు, యూనిట్ నంబర్, ఎక్స్‌పైరీ మీరే చదవండి, గడ్డలు ఉన్నా, రంగు నల్లగా ఊదాగా మారినా, ఎక్కడైనా తడి కనిపించినా తీసుకోకండి. మాకు కోపం వస్తుందేమో అనుకోవద్దు.