రెండు చేతుల్లోనూ చోటు అయిపోయింది: హీరో గ్రాఫ్టా, తొడ గ్రాఫ్టా?

నెఫ్రో_రెసిడెంట్: డయాలసిస్ పేషెంటుకి రెండు చేతుల్లో కలిపి మూడు ఫిస్టులాలు (ఆర్టరీని సిరకి నేరుగా కలిపినవి), రెండు గ్రాఫ్టులు (ఆ రెంటినీ కృత్రిమ గొట్టంతో కలిపినవి) పోయాయి. ఇప్పుడు కుడి మెడ టనెల్డ్ క్యాథెటర్ (చర్మం కిందుగా సిరలోకి దించిన గొట్టం) మీద నడుస్తోంది. ఎడమ చెయ్యి వాచింది. కుడి బ్రాకియల్ ఆర్టరీ (పై చేతి ధమని) 4 మి.మీ. డయాలసిస్ చివర్లో సిస్టాలిక్ బీపీ 90కి పడుతోంది. ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులో ఉన్నారు. చేతి ఆర్టరీ నుంచి గుండె దాకా గొట్టం వేసే హీరో గ్రాఫ్టా, తొడలో గ్రాఫ్టా, ఏ దారి మేలు?

వాస్క్యులర్_సర్జన్: ముందు వీనోగ్రామ్ (మందు ఎక్కించి తీసే సిరల ఎక్స్‌రే). కాలర్‌బోన్ వెనక ఏముందో డాప్లర్ స్కాన్‌కి సరిగా అందదు. పైన సెంట్రల్ సిర (ఛాతీలోని పెద్ద సిర) తెరిచి ఉంటే, లోతున్న బ్రాకియల్ సిరతో ఫిస్టులా చేసి రెండు విడతల్లో చర్మం దగ్గరికి తేవచ్చు. మూసుకుంటే ఆ వైపు ఫిస్టులా పెట్టకండి, చెయ్యి ఇంకా వాస్తుంది.

ఆ మెడ క్యాథెటర్‌ని మాత్రం ఊరికే లాగేయొద్దు. మూసుకుపోతున్న సిరలో దారి నిలబెడుతున్నది అదే! ఇన్ఫెక్షన్ లేకపోతే దాంట్లోంచి గైడ్‌వైర్ (దారి చూపే సన్నని తీగ) పంపి, అదే దారిలో హీరో గొట్టం దించొచ్చు. ఒకసారి తీసేశాక వైర్ మళ్లీ దాటుతుందన్న నమ్మకం లేదు.

యాక్సెస్_కోఆర్డినేటర్: హీరోలో రెండు ముక్కలు. కుడి ఏట్రియంలోకి (గుండె పై గదిలోకి) దిగే 5 మి.మీ. లోపలి వ్యాసం సిలికాన్ గొట్టం, ఆర్టరీకి కుట్టే 6 మి.మీ. పీటీఎఫ్ఈ (ఒక రకం ప్లాస్టిక్) గ్రాఫ్ట్. మధ్యలో టైటానియం కనెక్టర్. డయాలసిస్ సూదులు గ్రాఫ్ట్ ముక్కలోనే, సిలికాన్‌లో గుచ్చితే పాడైనట్టే. ఆర్టరీ 3 మి.మీ. ఉంటే చాలు, మీది సరిపోతుంది. చిక్కంతా బీపీతోనే. సిస్టాలిక్ 100 దాటకపోతే రక్తం గడ్డకట్టి మూసుకునే ప్రమాదం ఎక్కువ. డ్రై వెయిట్ (అదనపు నీరు తీశాక ఉండాల్సిన బరువు) మళ్లీ చూడండి, గంటకి తీసే నీరు తగ్గించి సెషన్ పొడిగించండి. ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో కొట్టుకి గుండె బయటికి పంపే రక్తం వంతు) 20 శాతం లోపుంటే హీరో మాట వదిలేయండి.

వాస్క్యులర్_సర్జన్: తొడ గ్రాఫ్ట్ అయితే ముందు ఏబీఐ (కాలి, చేతి బీపీల నిష్పత్తి), ఇలియాక్ సిరలు (కటి భాగంలోవి) చూడాలి. కాలి ఆర్టరీలు బాగోకపోతే పాదానికి రక్తం చాలదు. గజ్జలో ఇన్ఫెక్షన్ బెడద ఎక్కువ, అందుకే వీలైతే గ్రాఫ్ట్ లూప్‌ని తొడ మధ్యకి దించుతాం. కిడ్నీ ఏ వైపు పెడతారో ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌ని అడిగి ఆ వైపు వదిలేయండి, అక్కడ ఫెమోరల్ (తొడ సిర) క్యాథెటర్ కూడా వేయొద్దు. ఇంతకీ పీడీ (పొట్ట ద్వారా చేసే డయాలసిస్) ఎందుకు కుదరదు?

నెఫ్రో_రెసిడెంట్: పాత ఆపరేషన్ల వల్ల పొట్టలోపల భాగాలు అతుక్కుపోయాయి. వీనోగ్రామ్‌కి క్యాథెటర్ అడ్డు రాదా?

వాస్క్యులర్_సర్జన్: వస్తుంది. వైర్ లోపలే ఉంచి, క్యాథెటర్‌ని కొంత వెనక్కి లాగి కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనిపించే మందు) ఇవ్వండి. లేకపోతే దాని చుట్టూ ఉన్న ఇరుకు కనిపించదు.