ఏడాది పొడవునా సైకిలేనా? వాన, చలి, ఎండ నిజంగా అడ్డమా?

చక్రధారి:
కారు పక్కన పెట్టేసి ఏ సీజనైనా సైకిల్ మీదే పనికి వెళ్తా అంటే ఎవరైనా ముందు అడిగేది "మరి వానొస్తే?" అనే. నేననేది, పది కిలోమీటర్ల లోపు దూరాలకి వాతావరణం చాలా చిన్న సమస్య, దాన్ని మనం మరీ పెద్దది చేసుకుంటున్నాం. ఫిన్లాండ్‌లో ఔలు అని ఒక ఊరుంది, ఆర్కిటిక్ వలయానికి కాస్త కింద, చలికాలం పొడుగునా మంచే, అయినా అక్కడ పిల్లలు మంచులోనే సైకిల్ తొక్కుకుంటూ బడికి పోతారు. చలికాలపు సైక్లింగ్ మీద అంతర్జాతీయ సదస్సు మొదటిసారి పెట్టింది కూడా అక్కడే, 2013లో. నెదర్లాండ్స్‌లో ఎప్పుడు వాన పడుతుందో తెలీదు, అక్కడ జనం చేసే ప్రయాణాల్లో పావు వంతు పైనే సైకిల్ మీద జరుగుతాయి. వాళ్ళూ మనలాంటి మనుషులే కదా. తడిస్తే బట్టలు మార్చుకుంటాం, అంతే. మీరేమంటారు?

స్టీరింగ్:
అంత తేలిగ్గా తీసెయ్యకండి. మీరు చెప్పిన రెండు చోట్లా సైకిల్‌కి వేరే దారి ఉంది. లారీల పక్కన తొక్కేవాడికి వాన అంటే తడవడం ఒక్కటే కాదు, ఎదురుగా ఏమొస్తుందో కనపడదు, వెనకవాడికి మనం కనపడం, నీళ్ళు నిలిచిన చోట కింద గుంట ఎంత లోతుందో తెలీదు. ఇక పిడుగులు. కారు మీద పడ్డా ఇనుప బాడీ మీదుగా కరెంటు నేలలోకి పోతుంది, లోపలున్నవాళ్ళు చాలావరకు క్షేమం, సైకిల్ మీద ఆ రక్షణ లేదు, రబ్బరు టైర్లున్నాయి కదా అనుకుంటే పొరపాటు. ఇద్దరు పిల్లల్ని బడిలో దింపి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే వాళ్ళకి ఏం చెప్తారు? "365 రోజులూ" అనే పంతం చూసే చాలామంది అసలు మొదలే పెట్టరు, నా బాధ అది.

గ్రీజుచేతులు:
వాదన మీరు చూసుకోండి గానీ వానలో బండి ఎలా ఉంటుందో నేను చెప్తా, రిపేర్లు చేసే చెయ్యి నాది. రిమ్ బ్రేకులున్న సైకిల్ తడిస్తే లివర్ నొక్కిన వెంటనే పట్టదు, ముందు బ్రేక్ షూ రిమ్ మీది నీళ్ళని తుడవాలి, చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగాక అప్పుడు పట్టుకుంటుంది, అదీ ఒక్కసారిగా. ఆ మధ్యలో బండి ఎంత ముందుకి పోతుందో ఆలోచించండి. అందుకే జంక్షన్ ఇంకా దూరంగా ఉండగానే మెల్లగా నొక్కి వదిలి, నొక్కి వదిలి రావాలి. డిస్క్ బ్రేకులకి ఈ బాధ చాలా తక్కువ. షూలో ఇసుక రేణువు ఇరుక్కుంటే గరగరమంటుంది, రిమ్ మీద నుంచి నల్లటి నీళ్ళు కారతాయి, ఆ నలుపులో అరిగిన రిమ్ అల్యూమినియం కూడా ఉంటుంది, చాలామంది బురద అనుకుని తుడిచేసుకుంటారు.

ఇంకోటి, రోడ్డు మీద తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, పట్టాలు. తడిసినప్పుడు వాటి మీద హ్యాండిల్ తిప్పొద్దు, బ్రేక్ వెయ్యొద్దు, పట్టాలైతే వీలైనంత అడ్డంగా దాటాలి. ఇంటికి రాగానే చైన్ పొడి గుడ్డతో తుడిచి, ఆరాక ఆయిల్ వెయ్యండి. తడి మీదే ఆయిల్ వేస్తే నీళ్ళు లోపలే ఉండిపోతాయి.

నిదానం:
వాన గురించే అందరూ మాట్లాడుతున్నారు, చీకటి సంగతి ఎవరూ ఎత్తలేదు. చలికాలం సాయంత్రం పని అయ్యేసరికి చీకటి పడిపోతుంది, లైట్లు లేని రోడ్డు మీద ఒంటరిగా తొక్కాల్సిన ఆడవాళ్ళకి వాన కన్నా అదే పెద్ద భయం. నేను మానేసింది దాని వల్లే, తడవడానికి నాకేం ఇబ్బంది లేదు.

చక్రధారి:
నిదానం గారూ, మీ మాట దగ్గర్నుంచే మొదలుపెడతా, ఎందుకంటే నేను మొదట్నుంచి చెప్పాలనుకుంటున్నదీ అదే, మనల్ని ఆపేది ఆకాశం కంటే రోడ్డే ఎక్కువ. ఔలులో మంచు పడితే ముఖ్యమైన సైకిల్ దారులు పొద్దున్నే జనం బయల్దేరేలోపు శుభ్రం చేస్తారు. అది అక్కడి మున్సిపాలిటీ చేసే పని, ప్రకృతి ఇచ్చిన వరమేం కాదు. నెదర్లాండ్స్ కూడా ఎప్పుడూ ఇలా లేదు. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చచ్చిపోయారు, అందులో నాలుగొందల మందికి పైగా పిల్లలే. అమ్మానాన్నలు రోడ్ల మీదకొచ్చి ఉద్యమం చేశారు, తర్వాతే రోడ్లు మారడం మొదలైంది. వాన అప్పుడూ పడేది, ఇప్పుడూ పడుతోంది.

స్టీరింగ్ గారూ, పిడుగులు పడుతుంటే బయటికి వెళ్ళొద్దు, అందులో వాదనే లేదు. తుఫాను గాలి, రోడ్డు మీద కనపడకుండా పేరుకున్న పల్చటి ఐసు, వీటికీ అంతే, ఆ రోజు బస్సెక్కండి. ఏడాది పొడవునా అంటే నా దృష్టిలో ప్రతి సీజన్‌లోనూ సైకిల్ మొదటి ఆలోచనగా ఉండటం, ప్రాణం మీదకి తెచ్చుకోవడం కాదు. మామూలు చలికి మాత్రం భయపడక్కర్లేదు. మైనస్ 10 డిగ్రీల్లో గంటకి 20 కిలోమీటర్ల గాలి తగిలితే మైనస్ 18లా అనిపిస్తుంది నిజమే, కానీ పది నిమిషాలు తొక్కాక ఒళ్ళు దానంతటదే వేడెక్కుతుంది, అందుకే బయల్దేరేటప్పుడు కాస్త చలిగా ఉండేలానే బట్టలేసుకోవాలి, లేదంటే లోపల చెమట పట్టి ఆ తడికే వణుకొస్తుంది. కాపాడుకోవాల్సింది వేళ్ళు, చెవులు.

నాకు నిజంగా కష్టం అనిపించేది ఉక్కపోత. మనం ఖర్చు పెట్టే శక్తిలో పెడల్‌కి చేరేది దాదాపు పావు వంతే, మిగతాదంతా ఒంట్లో వేడి. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు, ఆ వేడి బయటికి పోదు. కదులుతున్నంతసేపు ఎదురుగాలి ఆదుకుంటుంది, సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టగానే నుదుటి మీద నుంచి కళ్ళలోకి చెమట దిగి మండుతుంది చూడండి, అక్కడ తెలుస్తుంది. ఒంటికి ఎండ అలవాటవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కాబట్టి మొదట్లో మెల్లగా, పొద్దున్నే తొక్కండి. తల తిరిగినా వికారంగా ఉన్నా దిగిపోయి నీడకి వెళ్ళాలి.

స్టీరింగ్:
ఇలా చెప్తే ఒప్పుకుంటా, నేనొక్కడినే వెళ్ళే చిన్న పనులకి కారు తియ్యడం అనవసరమే. ఇంజిన్ వేడెక్కేలోపే ఊరు దాటిపోతాం, ఆ కాస్త దూరంలోనే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పొగ శుభ్రం చేసే కన్వర్టర్ కూడా వేడెక్కితేనే పని చేస్తుంది. కానీ పిల్లల సంగతి మీరు ఇంకా చెప్పలేదు.

చక్రధారి:
వేరే దారి లేని పెద్ద రోడ్డు మీద బస్సుల మధ్య నా పిల్లల్ని కూడా నేను ఎక్కించను. అందుకే గొడవ పడాల్సింది ఆ దారి కోసం, నిదానం గారు చెప్పిన వీధి లైట్ల కోసం అంటున్నా. అయితే దారి వచ్చేదాకా పెద్దవాళ్ళందరం కార్లలోనే కూర్చుంటే సైకిల్ తొక్కేవాళ్ళే లేరు కదా దారెందుకు అంటారు. ఆరోగ్యం సంగతి కూడా తీసిపారెయ్యకండి, 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రెండున్నర లక్షల మందికి పైగా బ్రిటన్ జనం మీద అధ్యయనం వచ్చింది, సైకిల్ మీద పనికి వెళ్ళేవాళ్ళలో మరణాల ముప్పు 41 శాతం తక్కువ కనిపించింది.

నిదానం:
ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే సైకిల్ ఎక్కుతారేమో అనే సందేహం కూడా ఉంటుందండీ, అది పూర్తిగా కారణం చూపించే అధ్యయనం కాదు. అయినా లైట్లు పడితే నేను మళ్ళీ మొదలుపెడతా, అర్జీ రాస్తే నా సంతకం ఉంటుంది.

గ్రీజుచేతులు:
మళ్ళీ మొదలుపెట్టే ముందు బ్రేక్ షూల మీద గాళ్ళు మిగిలున్నాయో లేదో చూసుకోండి. నున్నగా అయిపోతే మార్చెయ్యాలి. రిమ్ మీద గోరు పెట్టి రాస్తే లోపలికి గుంట పడినట్టు తగిలిందంటే రిమ్‌కి కూడా టైమైపోయినట్టే.