ఎన్నికల ప్రకటనల్లో అబద్ధానికి అడ్డుకట్ట ఎవరు వేయాలి?

పాతపత్రిక:
వారంలో తెల్లబడతారని ఫేస్‌క్రీము ప్రకటన వస్తే ప్రకటనల ప్రమాణాల మండలికి ఫిర్యాదు చేయవచ్చు. రాజకీయ ప్రకటనలు దాని పరిధిలోకి రావు. ఎదుటి పార్టీ మీద ఎంత బురద చల్లినా అక్కడ అడిగే దిక్కులేదు.

అసలు కథ మన దగ్గరే మొదలైంది. కేబుల్ టీవీలో రాజకీయ ప్రకటనలపై ఉన్న నిషేధాన్ని 2004లో జెమినీ టీవీ కేసులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పక్కన పెట్టింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్తే, ముందుగా ధ్రువీకరించాకే ప్రసారం చేయాలని ఏప్రిల్ 13న ఉత్తర్వు వచ్చింది. ప్రకటనలను ముందే చూసి ధ్రువీకరించే ఇప్పటి ఎంసీఎంసీ (మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్) కమిటీలకు మూలం అదే. పత్రికలకు మాత్రం పోలింగ్ రోజు, ముందు రోజు తప్ప ఆ జల్లెడ లేదు. టీవీకి ఒక నీతి, పేపరుకు ఒక నీతి ఎందుకు? ప్రకటనలోని అంకెకు, తేదీకి, సెక్షన్‌కు ఆధారం చూపమని ఆ కమిటీయే అడగాలన్నది నా వాదన.

తుమ్మచెట్టు:
అడగడం సులువే. జిల్లాలో ఆ కమిటీకి పెద్ద ఎన్నికల అధికారి, అంటే కలెక్టరే కదా, నిన్నటి దాకా ఆయన ఎవరి కింద పనిచేశారు? నిజమనే ముద్రను అధికారుల చేతికిస్తే అది ముందు ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా? ప్రజాప్రాతినిధ్య చట్టంలో 123(4) ఇప్పటికే ఉంది, అభ్యర్థి వ్యక్తిగత నడవడిపై తెలిసి అబద్ధం ప్రచారం చేస్తే ఎన్నికే పోతుంది. ఇంకో కర్ర ఎందుకు?

మెట్టపొలం:
ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికలప్పుడు మా నాన్నగారికి ఫోను వచ్చింది. రికార్డు చేసిన గొంతు: ల్యాండ్ టైట్లింగ్ చట్టంతో మీ పొలం మీది కాకుండా పోతుంది. ఆయన ఫోను పెట్టేసి, బీరువాలోంచి పాసుపుస్తకం తీసి, సర్వే నంబర్లు ఒక్కొక్కటే వేలు పెట్టి చూసుకున్నారు. మర్నాడు పేపరులో అవతలివారి ప్రకటన: అంతా అబద్ధం, ఏ ఢోకా లేదు. చట్టం తెప్పించుకుని చదివాను. భూమి హక్కు వివాదాల్లో సివిల్ కోర్టులకు పరిధి లేదని అందులో ఉంది. మొదటివాళ్లు భయపెట్టారు, నిజమే, కానీ ఆ భయానికి ఒక వేరు ఉంది. రెండోవాళ్లు ఆ వేరు కనబడకుండా మట్టి కప్పారు. కమిటీ దేన్ని ఆపాలి? కొత్త శాసనసభ ఆ జూలైలోనే చట్టాన్ని రద్దు చేసింది కనుక ఎవరి జోస్యం ఫలించేదో ఇక తేలదు.

పాతపత్రిక:
రెండింటినీ ఆపవద్దు. జోస్యం, తిట్టు ఓటరుకే వదిలేద్దాం. "ఫలానా సెక్షన్ ప్రకారం" అన్నప్పుడు ఆ సెక్షన్ చూపమందాం, అంతే. దక్షిణ ఆస్ట్రేలియాలో 1985 ఎన్నికల చట్టం వాస్తవంగా చెప్పిన మాట వరకే పట్టించుకుంటుంది, అభిప్రాయం జోలికి పోదు. ప్రకటన వెనక్కి తీసుకోమని, సవరణ వేయమని కమిషనర్ అడగవచ్చు.

123(4) అంటారా, తుమ్మచెట్టు గారూ, ఆ పిటిషన్ ఫలితం వచ్చాక వేసేది. పైగా పార్టీ మీద, విధానం మీద చెప్పే అబద్ధం దానికి అందదు. 2024లో తృణమూల్‌పై బీజేపీ ఇచ్చిన పత్రికా ప్రకటనలను కలకత్తా హైకోర్టు నిలిపివేసింది, ఎన్నికల సంఘాన్ని గట్టిగానే తప్పుపట్టింది. సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. అయితే హైకోర్టు ఉత్తర్వు వచ్చింది మే 20న, అదే అయిదో విడత పోలింగ్ రోజు. ఏడింటిలో అయిదు విడతలు గడిచాక ఆకులు పట్టుకున్నాం.

తుమ్మచెట్టు:
ఆలస్యం సంగతి ఒప్పుకుంటాను. కలెక్టర్ సంగతి మీరు దాటేశారు. కమిటీలో రిటైరైన జడ్జి ఉంటే మళ్లీ మాట్లాడదాం.

గోడరాత:
టీవీ, పేపరు అంటూ వాదించుకుంటున్నారు. పోలింగ్ ముందు రాత్రి మా తలుపు కింద నుంచి తోసిన కరపత్రం నా దగ్గరే ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ ప్రకారం ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. రెండు వైపులా, కింది అంచు దాకా చూశాను. ఖాళీ. దీనికి ఆధారం చూపమని మీ కమిటీ ఎవరి ఇంటికి వెళ్తుంది?