మెడికల్ వార్డుకొచ్చే నర్సింగ్ పిల్లలకు పని ఎట్లా పంచాలి?

స్టాఫ్ నర్స్, తిరుపతి
జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) సెకండియర్ పిల్లలు పన్నెండు మంది వస్తా ఉండారు. కాలేజీ బస్సు వచ్చేసరికి హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతులు అప్పజెప్పడం) అయిపోతోంది. ఆ తర్వాత అందరూ బీపీ మిషన్ చుట్టూ చేరతారు, లేదంటే లాగ్‌బుక్కులు రాసుకుంటా కూర్చుంటారు. ట్యూటర్ మేడమ్‌కు ఇంకో వార్డు కూడా ఉంది. ఏం చేయించాలి?

ట్యూటర్, చిత్తూరు
పనులు పంచొద్దు సిస్టర్, మంచాలు పంచండి. ఇద్దరికి ముగ్గురు పేషెంట్లు. ఆ ముగ్గురి వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం లాంటివి), ఇన్‌టేక్-అవుట్‌పుట్ (ఒంట్లోకి పోయిన, బయటికొచ్చిన నీళ్ళ లెక్క), డ్రిప్ అన్నీ వాళ్ళే చూడాలి. హ్యాండోవర్ మీరు మళ్ళీ చెప్పక్కర్లేదు. కేస్‌షీట్ చదివి, పేషెంట్‌ను చూసొచ్చి వాళ్ళే మీకు చెప్పాలి. ఏది వదిలేశారో అక్కడే తెలిసిపోతుంది.

డ్రిప్ లెక్క మొదటి రోజే చేయించండి. 20 చుక్కల సెట్‌తో (అంటే 20 చుక్కలకు ఒక ఎంఎల్) 500 ఎంఎల్ 4 గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి 42 చుక్కలు. 60 చుక్కల మైక్రో సెట్‌కు అదే 42 పెడితే దాదాపు 12 గంటలు పడుతుంది. ప్యాకెట్ మీద అంకె చూడకపోవడమే కారణం. లాగ్‌బుక్‌లో సంతకం ఏ రోజు పనికి ఆ రోజే. నెలాఖరుకు కట్టలు తెస్తే పెట్టొద్దు.

క్యాజువాలిటీ సిస్టర్
మన పక్క వానలు పడితే పాముకాటు కేసులకు కొదవుండదు. విషం వల్ల రక్తం గడ్డకట్టకుండా పోయిందా అని చూసే 20 నిమిషాల క్లాటింగ్ టెస్టు కాపలా పిల్లలకు అప్పజెప్పండి. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు ట్యూబులో అప్పుడే తీసిన రక్తం 2 ఎంఎల్ పోసి, కదపకుండా ఉంచి, టైమ్ అయ్యాక ఒక్కసారి వంచి చూడాలి. ఆత్రం పట్టలేక పదో నిమిషానికే ఊపి చూస్తారు, అక్కడే చెడుతుంది. ప్లాస్టిక్ ట్యూబు, సబ్బుపొడితో కడిగిన ట్యూబు కూడా పనికిరావు. రక్తం గడ్డకట్టే పని మొదలుపెట్టేది గాజు తాకిడే. అది లేకపోతే మంచి రక్తం కూడా పలచగానే కనిపించి, విషం ఎక్కిందనుకుని అక్కర్లేని ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కించాల్సొస్తుంది. అనుమానముంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం పక్క ట్యూబులో పెట్టి పోల్చండి.

ఏఎస్‌వీ ఎక్కేటప్పుడు మంచం దగ్గర ఒకరుండాలి. దురద, దద్దుర్లు, వాంతి, ఆయాసం ఏది కనబడినా డ్రిప్ ఆపి మనల్ని కేకెయ్యాలి. ఆ రియాక్షన్‌కు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వడం మాత్రం వాళ్ళ పని కాదు.

స్టాఫ్ నర్స్, తిరుపతి
థాంక్స్ అక్కా. సూది గుచ్చుకుంటే తిడతారని చెప్పకుండా దాచేస్తారేమో?

ట్యూటర్, చిత్తూరు
దాస్తారు. అందుకే మొదటి రోజే చెప్పెయ్యండి: పిండకూడదు, సబ్బుతో పారే నీళ్ళ కింద కడగాలి, వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పాలి. హెచ్‌ఐవీ మందు అవసరమైతే 2 గంటల్లోపు పడితే మేలు, 72 గంటలు దాటితే ఇవ్వరు. హెపటైటిస్ బి మూడు డోసులూ పడ్డాయా అన్నది పోస్టింగ్‌కు ముందే కాలేజీని అడగండి. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టే అలవాటు కనబడితే అక్కడికక్కడే ఆపండి.